రెండు రౌండ్ల మొనగాడు, పదో రౌండు ముసలాడు

మా మేనల్లుడికి పద్నాలుగేళ్ళు. బాక్సింగ్ అంటే పిచ్చి. పిచ్చి అంటే మరేం లేదు, ఫోన్లో ఇరవై సెకన్ల నాకౌట్ వీడియోలు ఒకదాని వెనక ఒకటి చూస్తూ కూర్చోవడం. మొన్నొక రోజు నా పక్కన చేరి "మామయ్యా, ఇది చూడు, ఒక్కటే దెబ్బ!" అన్నాడు. బోడిగుండు, బానపొట్ట, ఎర్ర నిక్కరు. ఒక పెద్దాయన కుడిచేత్తో పొట్టిగా ఒక్కటిచ్చాడు. అవతలి కుర్రాడు వెల్లకిలా పడిపోయాడు. వీడియో అంతే. "తాతలాగా ఉన్నాడు, ఎలా కొట్టాడో చూశావా!"

"అంతకు ముందు తొమ్మిది రౌండ్లు తన్నులు తిన్నాడురా ఆయన" అన్నాను.

"అవన్నీ ఎవరు చూస్తారు?" అంటూ వేలితో పైకి తోసేశాడు. ఇంకో నాకౌట్ వచ్చింది.

నేను చూశాను. చాలాసార్లు చూశాను. వాడి ప్రశ్నకు అప్పుడు సరైన జవాబు తట్టలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. వాడి వయసువాళ్ళు ఇంకెవరైనా చదివితే మంచిదే. ఆ పెద్దాయన పేరు జార్జ్ ఫోర్‌మన్. 25 ఏళ్ళ వయసులో ఆయన ఘోరంగా ఓడిపోయాడు. అప్పటిదాకా మరీ తేలిగ్గా గెలుస్తూ రావడమే అందుకు కారణమని నా వాదన. 45 ఏళ్ళకు మళ్ళీ గెలిచాడంటే, ఆ మధ్యలో ఎక్కడో దెబ్బలు తింటూ ఆగడం నేర్చుకున్నాడు. మధ్యలో ఏం జరిగిందో చూడకుండా ఆ ఒక్క దెబ్బని చూస్తే మ్యాజిక్ చూసినట్టే ఉంటుంది. మ్యాజిక్ నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు.

ఫోర్‌మన్ 1949 జనవరి 10న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, మార్షల్ అనే ఊళ్ళో పుట్టాడు. పెరిగింది హ్యూస్టన్‌లో, ఫిఫ్త్ వార్డ్ అనే పేదల పేటలో. ఏడుగురు పిల్లలున్న ఇల్లు. కడుపు నిండేది కాదు. బడి మధ్యలోనే మానేసి, వీధుల్లో దారినపోయేవాళ్ళని కొట్టి డబ్బులు లాక్కునేవాడు. పెద్దయ్యాక ఈ సంగతి ఆయనే దాచుకోకుండా చెప్పుకున్నాడు. 1965లో జాబ్ కోర్‌లో చేరాడు. పేద కుర్రాళ్ళకు వసతి ఇచ్చి, పని నేర్పించడానికి అప్పుడే పెట్టిన ప్రభుత్వ పథకం అది. అక్కడా గొడవలే. కాలిఫోర్నియా శిబిరంలో డాక్ బ్రాడస్ అనే ఆయన ఈ కొట్లాటల కుర్రాడికి గ్లోవ్స్ తొడిగించాడు.

ఆ తర్వాత అంతా పరుగే. బాక్సింగ్ మొదలుపెట్టి రెండేళ్ళు నిండీ నిండకముందే, 1968 మెక్సికో సిటీ ఒలింపిక్స్‌లో హెవీవెయిట్ బంగారు పతకం. ఫైనల్లో సోవియట్ బాక్సర్ యోనాస్ చెపులిస్ తట్టుకోలేకపోవడంతో పోటీని రెండో రౌండ్లోనే ఆపేశారు. ఈ 'రెండో రౌండు' అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ వస్తుంది. 1969లో ప్రొఫెషనల్ అయ్యాడు. 1973 జనవరి 22న జమైకాలోని కింగ్‌స్టన్‌లో, అప్పటికి ఓటమన్నదే లేని ప్రపంచ ఛాంపియన్ జో ఫ్రేజర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడేశాడు. ముహమ్మద్ అలీని ఓడించిన ఫ్రేజర్ అతను. లేచిన ప్రతిసారీ మళ్ళీ పడ్డాడు. ఆ వీడియో మా వాడు చూసే ఉంటాడు.

తర్వాత టోక్యోలో జోస్ రోమన్, ఒక్క రౌండు. కరాకస్‌లో కెన్ నార్టన్, రెండు రౌండ్లు. ఈ నార్టన్ కూడా అంతకు ఏడాది ముందు అలీని ఓడించి, పోటీలో దవడ విరగ్గొట్టినవాడే. 1974లో అలీతో తలపడే నాటికి ఫోర్‌మన్ లెక్క ఇది: 40 పోటీలు, 40 గెలుపులు, 37 నాకౌట్లు. చివరి ఎనిమిది పోటీల్లో ఒక్కటీ రెండో రౌండు దాటలేదు.

ఈ అంకె చూసి అప్పట్లో అందరూ భయపడ్డారు. అలీకి ఏమవుతుందో అని అతని మనుషులే బెంగపెట్టుకున్నారు. నాకు మాత్రం ఆ అంకెలో ఫోర్‌మన్ బలం కంటే బలహీనతే ఎక్కువ కనిపిస్తుంది. బాక్సింగ్‌లో ఒక రౌండు మూడు నిమిషాలు, మధ్యలో ఒక నిమిషం విరామం. ఆ రోజుల్లో టైటిల్ పోటీ అంటే పదిహేను రౌండ్లు. అంటే రెండేళ్ళకు పైగా ఫోర్‌మన్‌కి ఏ పోటీలోనూ ఆరు నిమిషాల తర్వాత ఏం చెయ్యాలో ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. చేతులు బరువెక్కాక ఊపిరి ఎలా దాచుకోవాలి? తన దెబ్బకు ఎదుటివాడు పడకపోతే ఇంకో దారేమిటి? ఇవి జిమ్‌లో సగమే వస్తాయి. మిగతా సగం పోటీలోనే రావాలి. పరీక్షలో మొదటి రెండు ప్రశ్నలకే నూటికి నూరు మార్కులు వేసేస్తుంటే మూడో ప్రశ్న ఎవరు చదువుతారు?

1974 అక్టోబరు 30. ఆఫ్రికాలోని జైరే దేశం, రాజధాని కిన్షాసా. ఆ దేశం ఇప్పుడు కాంగో. నియంత మొబుటు చెరి 50 లక్షల డాలర్లు ఇస్తానని ఇద్దరినీ రప్పించాడు. అప్పటికి అది కనీవినీ ఎరుగని మొత్తం. పోటీ సెప్టెంబరులోనే జరగాల్సింది, ప్రాక్టీసులో ఫోర్‌మన్ కంటి పైన చర్మం చీలడంతో వాయిదా పడింది. ఆ నెల రోజులూ అలీ జనంతో కలిసిపోయాడు. ఫోర్‌మన్ ముఖం ముడుచుకుని తన జర్మన్ షెపర్డ్ కుక్కతో తిరిగాడు. ఒకప్పుడు ఆ దేశాన్ని ఏలిన బెల్జియం పోలీసులు జనం మీదికి వదిలింది అలాంటి కుక్కలనే. ఆయనకు ఆ సంగతి తెలియదు, చెప్పినవాళ్ళూ లేరు. జనం అలీ వైపు తిరిగిపోయారు.

అమెరికా టీవీ వేళలకు కుదరాలని పోటీ తెల్లవారుజామున నాలుగింటికి పెట్టారు. ఆ వేళప్పుడూ ఉక్కే. మొదటి రౌండ్లో అలీ ఎదురు వెళ్ళి కుడిచేత్తో కొట్టాడు. రెండో రౌండ్లో ఎవరూ ఊహించని పని చేశాడు. వెళ్ళి రింగు చుట్టూ ఉండే తాళ్ళకు ఆనుకున్నాడు. మోచేతులు పొట్టకు, గ్లోవ్స్ ముఖానికి అడ్డం పెట్టి, నడుము వెనక్కి వంచి, కొట్టుకో అన్నట్టు నిలబడ్డాడు. ఫోర్‌మన్ కొట్టాడు. ఒళ్ళంతా బలం పెట్టి చేతుల మీద, డొక్కల మీద బాదాడు. మూడో రౌండు, నాలుగో రౌండు, అయిదో రౌండు. దెబ్బ తగిలిన ప్రతిసారీ తాళ్ళు వెనక్కి సాగి, సగం జోరు అవే మింగేశాయి. మధ్యమధ్యలో అలీ చటుక్కున నిటారుగా నిలబడి ముఖం మీద రెండు మూడు తగిలించి, మళ్ళీ ఆనుకునేవాడు. నోరు మాత్రం ఒక్క క్షణం ఊరుకోలేదు, రెచ్చగొడుతూనే ఉన్నాడు.

దీన్ని అలీ తెలివి అని అందరూ మెచ్చుకుంటారు, మెచ్చుకోవాల్సిందే. కానీ ఎర వేసినవాడి తెలివి ఎంతో, మింగినవాడి అలవాటూ అంతే. ఫోర్‌మన్‌కి ఒకటే తెలుసు: పడేదాకా కొట్టు. మూడో రౌండ్లో ఒక్క అడుగు వెనక్కి వేసి రింగు మధ్యలో నిలబడి ఉంటే అలీకి తాళ్ళు వదిలి రాక తప్పేది కాదు. ఆ ఒక్క అడుగు ఆయనకు తట్టలేదు. ఆగాల్సిన అవసరం అంతకు ముందు వస్తే కదా తట్టడానికి! ఎనిమిదో రౌండు చివర్లో అలీ వరసగా కొట్టిన దెబ్బలకు ఫోర్‌మన్ గిర్రున తిరిగి పడ్డాడు. లేచే ప్రయత్నం చేశాడు, పడినవాడు లేవడానికి రిఫరీ పెట్టే పది అంకెల లెక్క అయిపోయింది.

తర్వాత జరిగినదాన్ని నేను అందంగా చెప్పను. ఓటమి నుంచి ఆయన వెంటనే ఏమీ నేర్చుకోలేదు. తాళ్ళు వదులుగా కట్టారన్నాడు. రిఫరీ గబగబా లెక్కపెట్టాడన్నాడు. తాగే నీళ్ళలో ఏదో కలిపారన్నాడు. మరుసటి ఏడాది టొరంటోలో ఒకే రోజు వరసగా అయిదుగురితో తలపడి, తానింకా భయంకరుడినేనని చూపించబోయాడు. రింగు పక్కన కూర్చున్న అలీ అక్కడి నుంచే ఎగతాళి చేస్తుంటే ఫోర్‌మన్ రింగులోంచే తిరిగి అరిచాడు. అదొక తమాషా అయిపోయింది. 1976లో రాన్ లైల్‌తో పోటీలో ఇద్దరూ ఒకరినొకరు పడగొట్టుకున్నారు, అయిదో రౌండ్లో ఫోర్‌మన్ గెలిచాడు. ఫ్రేజర్‌ని రెండోసారి ఓడించాడు. పాత పద్ధతే, పాత కోపమే.

1977 మార్చి 17న పోర్టోరికోలోని శాన్ హువాన్‌లో జిమ్మీ యంగ్ అనే తప్పించుకునే బాక్సర్ చేతిలో పన్నెండు రౌండ్లాడి పాయింట్ల మీద ఓడిపోయాడు. చివరి రౌండ్లో కిందపడ్డాడు కూడా. ఆ రాత్రి డ్రెస్సింగ్ రూములో తాను చచ్చి బతికానని, దేవుడు మాట్లాడాడని ఫోర్‌మన్ నమ్మాడు. వేడికి, అలసటకు అలా అయిందన్నవాళ్ళూ ఉన్నారు. ఏదైతేనేం, 28 ఏళ్ళ వయసులో బాక్సింగ్ వదిలేశాడు. పాస్టర్ అయ్యాడు. హ్యూస్టన్ వీధి మలుపుల్లో నిలబడి ప్రసంగాలు చేశాడు, చిన్న చర్చి కట్టాడు, 1984లో కుర్రాళ్ళ కోసం ఒక కేంద్రం పెట్టాడు. తాను ఎలాంటి కుర్రాడో గుర్తున్నట్టుంది.

పదేళ్ళు. ఆయన కెరీర్ గురించి రాసేవాళ్ళు ఈ పదేళ్ళనీ ఒక్క వాక్యంలో దాటేస్తారు. నేనూ ఒక పేరాలోనే చెబుతున్నాను, నిజమే. కానీ ఒకటి గమనించండి. కుర్రతనంలో ఫోర్‌మన్ ఎవరితోనూ నవ్వుతూ మాట్లాడేవాడు కాదు. తను కలిసి ప్రాక్టీసు చేసిన పాత ఛాంపియన్ సోనీ లిస్టన్‌ని చూసి, ఛాంపియన్ అంటే అలా ముఖం గంటుపెట్టుకుని ఉండాలనుకున్నాడు. పాస్టర్‌కి ఆ ముఖం పనికిరాదు. ఎదుటివాడు చెప్పేది వినాలి, విసుగు దాచుకోవాలి, ఇవాళ మారనివాడి కోసం రేపు మళ్ళీ రావాలి. గ్లోవ్స్ తొడగకుండానే ఆయన ఓపిక నేర్చుకున్నది అక్కడేనని నా అనుమానం. రుజువు అడక్కండి.

1987లో, 38 ఏళ్ళ వయసులో, ఆ కేంద్రానికి డబ్బు కావాలంటూ తిరిగొచ్చాడు. కిన్షాసాలో దాదాపు 100 కిలోలున్న మనిషి ఇప్పుడు 120. జనం నవ్వారు. ఆయన ఇంకా ఎక్కువ నవ్వాడు, తన చీజ్‌బర్గర్ల మీద తనే జోకులు వేసుకున్నాడు. మొదట్లో ఎదురొచ్చినవాళ్ళు చాలామంది అనామకులే. ఏరి ఏరి తెచ్చుకున్నాడని పత్రికలు వెక్కిరించాయి. వెక్కిరింపులో నిజం లేకపోలేదు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ వరసగా ఆ పోటీలు చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. రౌండ్ల మధ్య విరామంలో ఆయన స్టూలు మీద కూర్చోడు, నిలబడే ఉంటాడు. చేతులు అడ్డంగా మడిచి ముఖం కాచుకుంటాడు, పాత తరం బాక్సర్ ఆర్చీ మూర్ దగ్గర పట్టుకున్న పద్ధతి అది. అన్నిటికన్నా ముఖ్యంగా, ముందు చేత్తో మాటిమాటికీ తిన్నగా పొడుస్తాడు. దాన్ని జాబ్ అంటారు. ఉద్యోగం కాదు లెండి. అయినా జాబ్ కోర్‌లో గ్లోవ్స్ తొడిగినవాడు జాబ్‌ని నమ్ముకోవడానికి ఇరవై ఏళ్ళు పట్టిందంటే, ఆ మాట తెలుగులోనే బాగుంటుంది. పడగొట్టడం దాని పని కాదు. ఎదుటివాడు ఎంత దూరంలో ఉన్నాడో కొలవడం, వాణ్ణి ఉన్నచోటే ఉంచడం దాని పని.

అలా 24 పోటీలు గెలిచి, 1991లో ఛాంపియన్ ఇవాండర్ హోలీఫీల్డ్ ముందు నిలబడ్డాడు. పన్నెండు రౌండ్లూ నిలబడి పాయింట్ల మీద ఓడాడు. 42 ఏళ్ళు. నవ్వినవాళ్ళు ఆ రాత్రి లేచి చప్పట్లు కొట్టారు. 1993లో టామీ మారిసన్ చేతిలో మళ్ళీ ఓటమి. ఇక అయిపోయిందన్నారు.

1994 నవంబరు 5, లాస్ వేగస్. ఆ ఏప్రిల్లోనే హోలీఫీల్డ్‌ని ఓడించిన మైకేల్ మూరర్ ఛాంపియన్. 26 ఏళ్ళు, 35 పోటీల్లో ఓటమి లేదు. ఈ ముసలాణ్ణి ఒప్పుకోం అని టైటిల్ పోటీలకు గుర్తింపునిచ్చే వరల్డ్ బాక్సింగ్ అసోసియేషన్ మొరాయిస్తే, ఫోర్‌మన్ నెవాడా కోర్టుకు వెళ్ళి మరీ పోటీ తెచ్చుకున్నాడు. కిన్షాసాలో ఓడిన రాత్రి వేసుకున్న ఎర్ర నిక్కరే వేసుకుని వచ్చాడు. (ఎలాస్టిక్ ఎలా సాగిందో నాకు ఆశ్చర్యమే.) ఆయన కార్నర్‌లో, అంటే బాక్సర్ మనుషులుండే రింగు మూలలో, ట్రైనర్ ఏంజెలో డండీ నిలబడ్డాడు. కిన్షాసాలో అలీ కార్నర్‌లో నిలబడిందీ ఈ డండీయే.

ఇప్పుడు ఆ తొమ్మిది రౌండ్లు. మూరర్ ఎడమచేతివాటం, చేతులు వేగం. ఒకటి తగిలించి, రెండోది తగిలించి, మూడోది కూడా తగిలించేవాడు. ఫోర్‌మన్ ముఖం వాచింది. రౌండ్లు ఒక్కొక్కటే పోతున్నాయి. ముగ్గురు జడ్జీల లెక్కలోనూ మూరరే ముందున్నాడు. కుర్ర ఫోర్‌మన్ అయితే మూడో రౌండ్లోనే రెచ్చిపోయి చేతులు విసిరేవాడు, అయిదో రౌండుకి ఆయాసపడేవాడు. ఈ ఫోర్‌మన్ మాత్రం జాబ్ వేస్తాడు, దెబ్బ తింటాడు, మళ్ళీ జాబ్ వేస్తాడు. కుడిచేత్తో వేసేవి కూడా చాలావరకు మెత్తగా, వెడల్పుగా వస్తాయి. చూసేవాడికి విసుగు. బహుశా మూరర్‌కీ అదే అనిపించి ఉంటుంది. ముసలాడి దెబ్బలో పస లేదు, దూరంగా తిరగడం ఎందుకని ఎదురుగా నిలబడటం అలవాటైపోయింది. ముందు నిలబడొద్దని అతని ట్రైనర్ టెడ్డీ అట్లాస్ హెచ్చరిస్తూనే ఉన్నాడు.

పదో రౌండు, రెండు నిమిషాలు దాటింది. జాబ్, వెనకే కుడిచెయ్యి. ఈసారి వెడల్పుగా రాలేదు. తిన్నగా, పొట్టిగా, గడ్డం మీదికి వచ్చింది. మూరర్ వెల్లకిలా పడ్డాడు. రిఫరీ పది లెక్కపెట్టాడు. ఫోర్‌మన్ వెళ్ళి రింగు మూలలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. టైటిల్ పోయి ఇరవై ఏళ్ళు. హెవీవెయిట్ చరిత్రలో అంత పెద్ద వయసు ఛాంపియన్ అంతకు ముందు ఎవరూ లేరు. పాత రికార్డు 1951లో 37 ఏళ్ళకు గెలిచిన జెర్సీ జో వాల్కాట్‌ది.

ఈ కథ చెప్పి 'వయసు కేవలం ఒక అంకె' అని పోస్టర్లు వేస్తారే, వాళ్ళతో నాకు పేచీ. బాక్సింగ్‌లో వయసు అంకె కాదు, మెదడుకు తగిలిన దెబ్బల లెక్క. అలీ 38 ఏళ్ళకు తిరిగొచ్చి 1980లో ఛాంపియన్ లారీ హోమ్స్ ముందు నిలబడితే, పదో రౌండు తర్వాత ఇదే డండీ పోటీ ఆపేయించాడు. నాలుగేళ్ళకు అలీకి పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు అని తేలింది. పదిహేను రౌండ్లు పన్నెండు కావడానికి కారణం కూడా 1982లో కిమ్ డుక్-కూ అనే కొరియా కుర్రాడు టైటిల్ పోటీలో దెబ్బలు తిని చనిపోవడమే. ఫోర్‌మన్ 48 ఏళ్ళదాకా ఆడి మాట తడబడకుండా బయటపడ్డాడు. అందులో మధ్యలో విశ్రాంతి దొరికిన పదేళ్ళ పాత్ర ఎంతో, అదృష్టం పాత్ర ఎంతో ఎవరు విడదీయగలరు? మా మేనల్లుడు రేపు రింగెక్కుతానంటే నేను వాళ్ళమ్మ పక్షమే.

మిగతాది తొందరగా చెప్పేస్తాను. ఛాంపియన్‌కిచ్చే బెల్టులు ఎక్కువ కాలం ఆయన దగ్గర లేవు. 1995లో జర్మన్ బాక్సర్ ఆక్సెల్ షుల్జ్ మీద వచ్చిన గెలుపు వివాదమైంది. 1997లో షానన్ బ్రిగ్స్‌తో ఆడిందే ఆఖరి పోటీ, అందులో ఓడిపోయాడని జడ్జీలు చెబితే చాలామంది ఒప్పుకోలేదు. మొత్తం 76 గెలుపులు, 5 ఓటములు, 68 నాకౌట్లు. ఆ అయిదు ఓటముల్లో నాకౌట్ అయింది కిన్షాసాలో ఒక్కసారే. తర్వాత వంటింటి గ్రిల్ మీద తన పేరు పెట్టుకోనిచ్చి, 1999లో ఆ పేరు మీది హక్కుల్ని 13 కోట్ల 75 లక్షల డాలర్లకు ఇచ్చేశాడు. రింగులో సంపాదించినదాని కంటే అది ఎక్కువ. అయిదుగురు కొడుకులకూ జార్జ్ అనే పేరు పెట్టాడు. 2025 మార్చి 21న, 76 ఏళ్ళ వయసులో పోయాడు. సాకులు చెప్పడం ఎప్పుడో మానేశాడు, అలీతో స్నేహం కుదిరింది. కిన్షాసా పోటీ మీద తీసిన డాక్యుమెంటరీకి 1997లో ఆస్కార్ వచ్చినప్పుడు, వణుకుతున్న అలీ మెట్లెక్కుతుంటే చెయ్యి పట్టుకుని నడిపించింది ఫోర్‌మనే.

పోయిన ఆదివారం మా వాణ్ణి కూర్చోబెట్టి మూరర్ పోటీ మొదటి నుంచి పెట్టాను. నాలుగో రౌండుకి ఆవలించాడు. ఆరో రౌండు మధ్యలో వేలు ఫార్వర్డ్ బటన్ మీదికి పోయింది. నేనేమీ అనలేదు. నొక్కేశాడు. పదో రౌండు వచ్చింది, దెబ్బ పడింది, రిఫరీ లెక్కపెట్టాడు. వాడు ఫోన్ పట్టుకుని కాసేపు కదలకుండా కూర్చున్నాడు.

"మామయ్యా, వాడు అంత దగ్గరగా ఎందుకు నిలబడ్డాడు?"

"ఎవడు?"

"మూరర్. పారిపోవచ్చు కదా. పాయింట్లు వాడికే ఎక్కువున్నాయి కదా."

నేను జవాబు చెప్పేలోపే వేలు వెనక్కి లాగాడు. ఏడో రౌండు దగ్గర ఆపాడు.